ఫిఫా 11 ప్లస్ వార్మప్: తిరుపతి ఎర్రమట్టి గ్రౌండ్‌లో ప్రీ సీజన్‌కి ఎంత పనికొస్తుంది?

ఫిఫా 11 ప్లస్ అంగట్లో కొనే వస్తువు కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వైద్య పరిశోధన విభాగం తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన వార్మప్ పద్ధతి. మాన్యువల్, గోడకి అంటించుకునే పోస్టరు, ఒక్కో వ్యాయామానికి వీడియో, అన్నీ నెట్‌లో దొరుకుతాయి. వేసవి సెలవుల్లో ఫుట్‌బాల్ పిల్లల్ని సీజన్‌కి తయారుచెయ్యాలనుకునే కోచ్‌లు, పీఈటీ సార్లు, తల్లిదండ్రులు దీని గురించి తరచూ అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాం. అయిదుకు నాలుగు మార్కులు. గాయాలు తగ్గించడంలో ఉచితంగా దొరికేవాటిలో దీన్ని మించింది మాకు కనబడలేదు. కానీ పోస్టరు గోడకి అంటించి, ఈల ఊది, లెక్కపెట్టి చేయిస్తే దీనివల్ల వచ్చేది ఏమీ లేదు. దీని బలమంతా దిద్దుబాటులో ఉంది. పిల్లవాడు దూకి దిగినప్పుడు మోకాలు ఎటు పోతోందో చూసే కన్ను గ్రౌండ్‌లో ఒక్కటైనా ఉండాలి.

2003లో ‘ది 11’ అన్న పేరుతో మొదలైన చిన్న వ్యాయామాల కట్టని 2006లో ఓస్లో, శాంటా మోనికా క్రీడావైద్య నిపుణులతో కలిసి పెంచి 11 ప్లస్ చేశారు. పేరులో 11 ఉన్నా లోపల ఉన్నవి 15 వ్యాయామాలు. దీన్ని గట్టిగా పరీక్షించింది నార్వేలో. 2007 సీజన్‌లో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లలు 1,892 మందిని తీసుకుని కొన్ని క్లబ్బుల చేత ఈ వార్మప్ చేయించారు, మిగతావాళ్లని మామూలుగా వదిలారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితం ప్రకారం మొత్తం గాయాలు మూడో వంతు దాకా, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. కాలి గాయాలన్నిటినీ ఒక్క కుప్పగా లెక్కేస్తే మాత్రం తేడా గణాంకాలపరంగా ఖాయంగా తేలలేదు. ఆ మాట కూడా అదే పత్రంలో ఉంది. తర్వాత 2015లో అమెరికా కాలేజీ మగపిల్లల జట్ల మీద చేసిన పరీక్షలో గాయాలు 46 శాతం తగ్గాయి. అయితే ఇవన్నీ పచ్చిక మైదానాలో, కృత్రిమ టర్ఫో ఉన్న ఊళ్లలో వచ్చిన లెక్కలు. మన దగ్గర నేల గట్టి ఎర్రమట్టి, పైన కంకర, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పద్ధతి అదే అయినా ఇక్కడికి తగ్గట్టు కొన్ని మార్చుకోవాలి.

మొదటి భాగం పరుగు, ఎనిమిది నిమిషాలు. రెండు వరసల్లో ఎదురెదురుగా ఆరు జతల కోన్లు, జతకీ జతకీ 5 నుంచి 6 మీటర్ల ఎడం. అంటే పన్నెండు కోన్లు, 25 నుంచి 30 మీటర్ల పొడవు. కోన్లు లేకపోతే ఇసుక నింపిన ప్లాస్టిక్ బాటిళ్లు చాలు. ఇటుకముక్కలు, రాళ్లు మాత్రం వద్దు, వెనక్కి పరుగెత్తేటప్పుడు కాలు పడితే చీలమండ మడతపడుతుంది. ఇద్దరు పిల్లలు ఒకేసారి బయల్దేరి కోన్ల మధ్యలో వ్యాయామం చేస్తూ వెళ్లి, చివరి కోన్ దాటాక బయటి వైపునుంచి కాస్త వేగంగా వెనక్కి వస్తారు. ఒక్కోటీ రెండుసార్లు. వరసగా ఆరు: నేరుగా మెల్లని పరుగు, ప్రతి కోన్ దగ్గరా ఆగి మోకాలెత్తి తుంటిని బయటికి తిప్పడం, అదే తుంటిని లోపలికి తిప్పడం, ఎదుటివాడి చుట్టూ పక్క అడుగులతో ఒక చుట్టు, పక్కకి ఎగిరి భుజానికి భుజం తగిలించడం, రెండు కోన్లు ముందుకి, ఒక కోన్ వెనక్కి వేగంగా పరుగు.

ఇందులో ఎక్కువగా చెడేది ఒక్కటే, క్యూ. ఇరవై మంది పిల్లలకి ఒకే దారి వేస్తే ఎనిమిది నిమిషాల పని పదిహేనవుతుంది, నిలబడ్డవాళ్ల ఒళ్లు చల్లారుతుంది, వెనకనున్నవాళ్లు తోపులాట మొదలుపెడతారు. పన్నెండుమంది దాటితే రెండో దారి వెయ్యండి. భుజం తగిలించే వ్యాయామంలో రెండు కాళ్ల మీదా మోకాళ్లు వంచి దిగాలి, నిటారుగా కర్రలా దిగకూడదు. ఎత్తులో, బరువులో సమానంగా ఉన్నవాళ్లని జతకట్టండి. పన్నెండేళ్లవాడినీ పదహారేళ్లవాడినీ కలిపి నిలబెట్టడం తప్పు.

రెండో భాగమే ఈ పద్ధతికి గుండెకాయ. పది నిమిషాలు, ఆరు వ్యాయామాలు, ఒక్కోదానికీ మూడు మెట్లు. ప్లాంక్ (బోర్లా మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు లేపి పట్టడం), పక్క ప్లాంక్ (అదే ఒక పక్కకి తిరిగి ఒక మోచేతి మీద), తొడ వెనక కండరానికి నార్డిక్, ఒంటికాలి నిలకడ, స్క్వాట్ (మోకాళ్లు వంచి కూర్చున్నట్టు దిగి లేవడం), దూకుడు (గెంతులు). జట్టంతా ఒకే మెట్టు మీద ఉండాలన్న నియమం లేదు, ఉండకూడదు కూడా. ఒక్కో పిల్లవాడు ఒక్కో వ్యాయామంలో ఒక్కో మెట్టు మీద ఉండొచ్చు. చెప్పిన సమయమంతా ఒళ్లు చెదరకుండా, నొప్పి లేకుండా చేసినప్పుడే పై మెట్టు. వారాలు గడిచాయి కదా అని ఎక్కించడం కాదు.

ప్లాంక్ మొదటి మెట్టులో కదలకుండా 20 నుంచి 30 సెకన్లు, మూడుసార్లు. రెండో మెట్టులో ఒక్కో కాలు రెండేసి సెకన్లు ఎత్తుతూ 40 నుంచి 60 సెకన్లు. మూడో మెట్టులో ఒక కాలు ఎత్తి పట్టుకుని 20 నుంచి 30 సెకన్లు. తల నుంచి మడమ దాకా ఒకే గీత ఉండాలి. పది సెకన్లు గడిచేసరికి నడుము కిందికి జారుతుంది, లేదా పిరుదులు పైకి లేస్తాయి. చాలామంది ఊపిరి బిగపడతారు. బిగపట్టినవాడి చేత గట్టిగా అంకెలు లెక్కపెట్టిస్తే దానంతటదే విడుస్తాడు. కంకర నేల మీద మోచేతులు గీరుకుపోతాయి కాబట్టి ఒక్కొక్కరు ఒక పాత తువ్వాలు తెచ్చుకోవాలి. ఈ చిన్న ఏర్పాటు లేకపోతే రెండో రోజు నుంచి పిల్లలు ప్లాంక్ ఎగ్గొట్టడానికి దారులు వెతుకుతారు. పక్క ప్లాంక్‌లో భుజం సరిగ్గా మోచేతి పైన ఉండాలి. ముందుకో వెనక్కో జరిగితే రెండు రోజుల్లో భుజం నొప్పి అంటారు.

నార్డిక్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేదీ, అన్నిటికన్నా ఎక్కువ తప్పుగా చేయించేదీ ఇదే. పిల్లవాడు మోకాళ్ల మీద నిలబడతాడు, వెనకనుంచి జతగాడు రెండు చీలమండలనీ నేలకి అదిమి పట్టుకుంటాడు. మోకాలి నుంచి తల దాకా నిటారుగా ఉంచి మెల్లగా ముందుకి వాలాలి. ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు ఆపి, ఇక ఆపలేనప్పుడు చేతులతో నేలని అందుకోవాలి. మొదటి మెట్టులో 3 నుంచి 5 సార్లు, రెండో మెట్టులో 7 నుంచి 10, మూడో మెట్టులో 12 నుంచి 15. ఒక్క సెట్టే. అయిదుసార్లేనా అని తొలిరోజే పదిహేను చేయిస్తే మూడు రోజులు తొడ వెనక భాగం పట్టేసి పిల్లవాడు వంగి బూట్ల లేసు కట్టుకోలేడు. కండరం సాగుతూ బరువు మోసే వ్యాయామానికి ఆ నొప్పి సహజం, 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అందుకే నార్డిక్ మొదలుపెట్టిన తొలివారంలో మర్నాడు వేగపు పరుగులు పెట్టకండి.

నడుము దగ్గర వంగి కిందికి పోతే అది నార్డిక్ కాదు, నమస్కారం. ఒళ్లు విరగకుండా వెళ్లాలని చెప్పాలి. జతగాడు చీలమండల బదులు పిక్కల మీద కూర్చుంటే పట్టు జారి, వాలేవాడి ముఖం నేలకి కొట్టుకుంటుంది. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనెసంచి గానీ మందపు తువ్వాలు గానీ ఉండి తీరాలి. మట్టిలో గులకరాయి మీద మోకాలి చిప్ప ఆనితే ఆ రోజుతో ఆ పిల్లవాడికి ఈ వ్యాయామం మీద అసహ్యం పుడుతుంది.

ఒంటికాలి నిలకడ చూడటానికి తేలిక. బంతి రెండు చేతుల్లో పట్టుకుని, మోకాలు కొంచెం వంచి, బరువు పాదం ముందు భాగంలో ఉంచి 30 సెకన్లు, కాలికి రెండుసార్లు. రెండో మెట్టులో రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ జతగాడితో బంతి విసురుకోవాలి. మూడో మెట్టులో ఒకరినొకరు మెల్లగా తోసి తూకం తప్పించాలి. మోకాలు బిగించి నిలబడితే తేలిగ్గా ఉంటుంది, లాభం మాత్రం సున్నా.

ఇక స్క్వాట్, దూకుడు. ఇక్కడే కోచ్ కన్ను కావాలి. స్క్వాట్ మొదటి మెట్టులో మోకాళ్లు 90 డిగ్రీల దాకా వంచి, లేచి, మునివేళ్ల మీద నిలబడాలి. 30 సెకన్లు, రెండుసార్లు. తర్వాత నడుస్తూ ఒక్కో పెద్ద అడుగు ముందుకి వేసి మోకాళ్లు వంచడం, ఆ తర్వాత ఒంటికాలి స్క్వాట్ కాలికి పదేసి. దూకుడు మొదట నిటారుగా పైకి, తర్వాత ఒంటికాలి మీద పక్కకి, చివర నేల మీద కూడిక గుర్తు ఉందనుకుని నాలుగు గడుల్లోకీ. పిల్లవాడి ఎదురుగా రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి మోకాలి చిప్ప చూడండి. అది పాదంలో రెండో వేలికి నేరుగా ఉండాలి. దిగేటప్పుడు రెండు మోకాళ్లూ ఒకదాన్నొకటి ముద్దాడేలా లోపలికి వాలుతుంటే మోకాలి కీలు మధ్యలో ఉండే లిగమెంట్ (ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ, ఏసీఎల్) తెగేది సరిగ్గా ఆ భంగిమలోనే అని గుర్తుపెట్టుకోండి. ఎదుటివాడు తగలకుండానే, మలుపు తిరిగేటప్పుడో దిగేటప్పుడో ఆ గాయం అవుతుంది. ఎదిగే వయసు ఆడపిల్లల్లో ఈ ముప్పు మగపిల్లలకంటే రెండు మూడింతలు. మీ బడిలో రెండు జట్లుండి ఒకదానికే సమయం దొరికితే ఈ వార్మప్ ముందు ఆడపిల్లల జట్టుకే నేర్పండి.

మాన్యువల్ ఇంగ్లీషులో ఇచ్చిన సూచనలు పిల్లలకి చదివి వినిపిస్తే ఎక్కవు. ‘మోకాలు బయటికి తొయ్‌ రా అబ్బోడా’, ‘పిల్లిలా దిగు పాపా, చప్పుడు రాకూడదు’ అంటే ఒక్క మాటతో దిద్దుకుంటారు. చెవి కూడా మంచి పనిముట్టే. గట్టి మట్టి మీద టప్‌మని మడమల మోత వినబడిందంటే మోకాళ్లు వంచకుండా దిగినట్టే. ఫోన్‌లో ముందునుంచి పది సెకన్ల వీడియో తీసి అక్కడికక్కడే చూపిస్తే ఇంకా త్వరగా అర్థమవుతుంది. వీడియో చూపించి తీసేయండి, గ్రూపుల్లో పెట్టకండి. ఒక ముఖ్యమైన జాగ్రత్త: దూకుళ్లు సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు మీద చేయించకండి. మట్టి ఎంత గట్టిదైనా సిమెంటు కన్నా మేలు. గ్రౌండ్‌లో ఒక మూల పారతో పైపైన గుల్లచేసి, రాళ్లు ఏరి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లితే పొద్దునకి దిగడానికి మెత్తని చోటు తయారు.

మూడో భాగం రెండు నిమిషాలే. గ్రౌండ్‌కి అడ్డంగా 40 మీటర్ల పరుగు 75 నుంచి 80 శాతం వేగంతో. మోకాళ్లు ఎత్తి ఆరు నుంచి ఎనిమిది పెద్ద అంగలు. నాలుగైదు అడుగులు పరుగెత్తి బయటి కాలు నాటి చటుక్కున దిశ మార్చి అయిదు నుంచి ఏడు అడుగులు వేగంగా పోవడం. ఒక్కోటీ రెండుసార్లు. సెలవుల్లో ఊళ్లో ప్రతి మైదానంలోనూ పొద్దున్నే నాలుగైదు క్రికెట్ ఆటలు నడుస్తుంటాయి కాబట్టి 40 మీటర్లు ఖాళీగా దొరకడమే కష్టం. 25 మీటర్లు దొరికితే సరిపెట్టుకోండి, కానీ ఆగడానికి ఇంకో పది మీటర్లు ఉండాలి. గోడ దగ్గర ఆగే పరుగు వద్దు. కాలు నాటే వ్యాయామం కంకర మీద జారుతుంది. ఆ చోటు ముందే చీపురుతో ఊడ్చుకోండి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి ఇది కాదు. వాళ్ల కోసం 11 ప్లస్ కిడ్స్ అని వేరే ఉంది, అందులో ఏడే వ్యాయామాలు, అయిదు మెట్లు. కాపలావాడి ఆటలాంటి పరుగు, స్కేటింగ్ గెంతులు, ఒంటికాలి నిలకడ, పుషప్‌లు, ఒంటికాలి గెంతులు, స్పైడర్‌మ్యాన్ నడక, పక్కకి దొర్లడం. 7 నుంచి 13 ఏళ్ల పిల్లలు 3,895 మంది మీద నాలుగు ఐరోపా దేశాల్లో పరీక్షిస్తే గాయాలు 48 శాతం తగ్గాయి. చిన్నపిల్లలు ఎక్కువగా పడి చేతులు విరగ్గొట్టుకుంటారు కాబట్టే దొర్లడం నేర్పిస్తున్నారు. మన గట్టినేల మీద ఆ ఒక్కటీ చాప గానీ పరుపు గానీ వేసి నేర్పండి.

ఇంతవరకు మెచ్చుకోలు. ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, చాలామంది దీన్నే ప్రీ సీజన్ అనుకుంటారు, పోస్టరు కూడా ఆ భ్రమని తొలగించదు. ఇది వార్మప్. దీంతో ఒళ్లు గట్టిపడుతుంది, తూకం వస్తుంది, గాయం తగ్గుతుంది. అరవై నిమిషాలు ఆడే దమ్ము మాత్రం రాదు. దమ్ము కోసం మన దగ్గర పాతకాలంనుంచి ఉన్న మందు గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు. సెలవుల్లో కదలకుండా కూర్చున్న పిల్లవాడి చేత తొలిరోజే గట్టినేల మీద నాలుగు కిలోమీటర్లు ఒకే వేగంతో పరుగెత్తిస్తే పది రోజుల్లో మోకాలి కింది ఎముక ముందు భాగం నొప్పి మొదలవుతుంది. ఫుట్‌బాల్‌లో అలా ఒకే వేగంతో పరుగెత్తేది కూడా లేదు.

బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి మే ఒకటిన మొదలుపెడితే ఆరు వారాలు చేతిలో ఉంటాయి. మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులే, రోజుకి 45 నుంచి 60 నిమిషాలు. తొలి వారంలో వార్మప్‌కే అరగంట పైన పడుతుంది, ఎందుకంటే నేర్చుకుంటున్నారు. తర్వాత బంతితో పని. దమ్ముకి 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గడిలో నలుగురికి నలుగురు ఆట, మూడు నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. మూడు, నాలుగు వారాల్లో నాలుగు రోజులు, ఆట నాలుగు నిమిషాలకి పెంచాలి. చివర 20 మీటర్ల వేగపు పరుగులు ఆరు, పరుగుకీ పరుగుకీ మధ్య నిమిషం పైగా విశ్రాంతి. ఆ విశ్రాంతి కోస్తే అది వేగం నేర్పే పరుగు కాదు, అలసట పెంచే పరుగు. అయిదో వారంలో ఏడుగురికి ఏడుగురు ఆట, ఆరో వారంలో రెండు పూర్తి మ్యాచ్‌లు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. ఎవరికైనా వారం మొత్తం శిక్షణ గంటలు వాళ్ల వయసు అంకె దాటకూడదు. పదమూడేళ్ల పిల్లకి క్రికెట్, కబడ్డీ అన్నీ కలిపి పదమూడు గంటలు హద్దు.

మన ఊళ్లో ఇంకో అలవాటు కూడా ఉంది. ఫిట్‌నెస్ కోసం పిల్లల్ని కొండ ఎక్కిస్తారు. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. మొక్కుతో వెళ్లేది వేరే సంగతి, దాన్ని మేం శిక్షణతో కలపం. శిక్షణగా చూస్తే ఎక్కడం గుండెకీ ఊపిరికీ మంచి పని, మోకాలికి దెబ్బలుండవు. దిగడమే చెరుపు. ప్రతి మెట్టుకీ తొడ ముందు కండరం సాగుతూ ఒళ్లు బరువు మోస్తుంది, మర్నాడు కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంది. ఎక్కించాలనుకుంటే నెమ్మదిగా ఎక్కించి బస్సులో దింపండి. తర్వాత రెండు రోజులు నార్డిక్, దూకుళ్లు పెట్టకండి. మొదటి రెండు వారాల్లో ఈ ఆలోచనే వద్దు.

ఎండ సంగతి ఈ పద్ధతి మాన్యువల్లో మనకి సరిపోయేంతగా లేదు. మే నెలలో తిరుపతిలో తెల్లవారేది 5:45 ప్రాంతంలో. 5:45కి గ్రౌండ్‌లో ఉండి 7:15కి ముగించాలి. సాయంత్రం నాలుగింటికి పెట్టేవాళ్లు నేల కక్కే వేడిని మరిచిపోతున్నారు. సాయంత్రమే కుదిరితే 5:30 తర్వాతే. ఏసీ గదిలో, ఫోన్‌తో నెల గడిపిన ఒళ్లు వేడికి అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అలవాటుపడని ఒళ్లు చెమట ఆలస్యంగా పడుతుంది, లవణం ఎక్కువ పోగొట్టుకుంటుంది. అందుకే పైన తొలి రెండు వారాలు అంత తేలిగ్గా ఉంచాం.

పొద్దున్నే వచ్చేవాళ్లు ఖాళీ కడుపుతో వస్తారు. బయల్దేరే ముందు ఒక అరటిపండు, ఒక గ్లాసు పలచని రాగి జావ చాలు. గ్రౌండ్‌లో ప్రతి 15, 20 నిమిషాలకీ ఈల ఊది నీళ్ల విరామం ఇవ్వండి, ఒక్కొక్కరు ఒక గ్లాసు దాకా తాగాలి. దాహమైతే తాగండని వదిలేస్తే ఆటలో మునిగినవాడికి దాహం తెలియదు. గంట లోపు శిక్షణకి మంచినీళ్లు సరిపోతాయి. గంట దాటితే ఉప్పు వేసిన పలచని మజ్జిగ, లేదా ఓఆర్‌ఎస్. ఓఆర్‌ఎస్ అంటే డబ్బాల్లో దొరికే తీపి డ్రింకు కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. చిటికెడు చిటికెడు వేసుకుంటే ఉప్పు, చక్కెరల లెక్క తప్పుతుంది. ఇంట్లో కలిపితే లీటరుకి అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. ఎంత నీరు పోయిందో తెలియాలంటే శిక్షణకి ముందూ తర్వాతా బరువు చూడండి. తగ్గిన ప్రతి కిలోకీ లీటరున్నర మెల్లమెల్లగా తాగించాలి.

పిల్లవాడు తడబడి నడుస్తూ, అడిగిన మాటకి పొంతనలేని జవాబు చెబుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడకి చేర్చి, చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరిస్తూ విసరాలి. 108కి ఇంకొకరు ఫోన్ చెయ్యాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకండి. గ్రౌండ్‌లో నీళ్లు నిండిన రెండు బకెట్లు, ఒక మగ్గు ఎప్పుడూ ఉండాలి. ప్రీ సీజన్ సామాన్ల జాబితాలో కోన్లకంటే ముందు రాయాల్సింది ఇదే.

ఎదిగే పిల్లలకి రెండు నొప్పులు ఈ కాలంలోనే బయటపడతాయి. మోకాలి చిప్ప కింద ఎముక మీద బొడిపెలా లేచి నొక్కితే నొప్పి, మగపిల్లల్లో ఎక్కువగా 10 నుంచి 15 ఏళ్ల మధ్య. మడమ వెనక నొప్పి, ఎనిమిదేళ్లనుంచే మొదలవుతుంది. ఎముక పొడవు పెరిగినంత వేగంగా కండరం సాగక, కండరం అతుక్కున్న చోట ఎదుగుదల పలక (ఎముక పెరిగే మెత్తని భాగం) లాగబడటమే కారణం. భయపడాల్సింది కాదు, అలాగని నూనె రాసి పరుగెత్తించాల్సిందీ కాదు. ఆ వారాల్లో దూకుళ్లు, వేగపు పరుగులు తగ్గించి ప్లాంక్‌లు, నిలకడ, పాసింగ్ చేయించండి. మోకాలి బొడిపె ఉన్నవాడికి నార్డిక్‌లో మోకాలు నేలకి ఆనడమే నొప్పి కాబట్టి వెల్లకిలా పడుకుని మడమలు నేలకి అదిమి నడుము ఎత్తే వ్యాయామం ఇవ్వొచ్చు. నొప్పివల్ల పరుగు తీరు మారి కుంటుతుంటే ఆ రోజుకి ఆపేయాలి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, వాపు, ఒక్క పక్కే ఆగని నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకి చూపించాలి.

బూట్ల గురించి రెండు మాటలు. గట్టి మట్టి మీద పొడుగు స్టడ్‌లు (బూటు అడుగున ఉండే మొనలు) వద్దు, నేలలో దిగవు, బరువంతా నాలుగు చోట్ల పడి మడమ నొప్పి తెస్తాయి. అడుగున చిన్న రబ్బరు బొడిపెలు నిండుగా ఉండే టర్ఫ్ బూట్లే మన నేలకి సరి. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి కొంటే పాదం లోపల జారి గోళ్లు నల్లబడతాయి. వేలికి ముందు బొటనవేలి మందమంత ఖాళీ చాలు. బంతి 8 నుంచి 12 ఏళ్లవారికి 4వ సైజు, పైవారికి 5వ సైజు. నివియా స్టార్మ్ లాంటి రబ్బరు పూత బంతి మట్టి మీద ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ రాయిలా గాలి కొట్టించకండి. షిన్ గార్డులు (మోకాలి కింది ఎముక ముందు పెట్టుకునే కవచాలు) తొలి ఆటనుంచే.

మ్యాచ్‌లు మొదలయ్యాక కూడా వారానికి కనీసం రెండుసార్లు పూర్తి వార్మప్ కొనసాగాలి. నార్వేలో ఎక్కువసార్లు చేసినవాళ్లకే గాయాలు ఎక్కువ తగ్గాయి, జులైలో ఆపేస్తే మే నెల కష్టం కరిగిపోతుంది. మ్యాచ్ రోజున మొదటి, మూడో భాగాలు మాత్రమే, పది నిమిషాలు. రెండో భాగం ఆ రోజు వద్దు. బడి తెరిచాక ప్రార్థనకి ముందు నలభై నిమిషాలే దొరికితే రెండో భాగాన్ని శిక్షణ చివరికి జరపొచ్చు. ఆస్ట్రేలియాలో పెద్దల జట్ల మీద ఇలా జరిపి చూసి 2019లో ప్రచురించారు, ఆటగాళ్లు ఇంకా క్రమంగా చేశారు, గాయాలవల్ల పోయిన రోజులూ తగ్గాయి. చివరికి జరిపితే ఒక్కటి చూసుకోండి: అలసిన కాళ్లతో దూకుతారు కాబట్టి మోకాళ్లు మళ్లీ లోపలికి వాలతాయి. ఆ పూట సగం సార్లే దూకించి, ఎదురుగా నిలబడి ప్రతి దిగుడూ చూడండి.